రైనో చార్జ్‌కి ఏ బండి? దాన్ని ఎంతవరకు మార్చాలి?

కెన్యాలో ఏటా జూన్ 1, మడారకా దినం సెలవుల దగ్గర్లో జరిగే రైనో చార్జ్ అనే ఆఫ్‌రోడ్ బండ్ల పోటీలో అందరికంటే ముందు వచ్చినవాళ్లు గెలవరు. అందరికంటే తక్కువ దూరం నడిపినవాళ్లు గెలుస్తారు. ఉదయం 7:30 నుంచి సాయంత్రం 5:30 దాకా పది గంటలు. సుమారు 100 చదరపు కిలోమీటర్ల ముళ్లకంపల్లో, కొండల్లో చెదురుగా పెట్టిన 13 గార్డ్ పోస్టులు (చెక్‌పాయింట్లు) తాకి రావాలి. వాటి మధ్య రోడ్డనేది ఉండదు. ఏ పోస్టు తర్వాత ఏ పోస్టుకు వెళ్లాలో మీ ఇష్టం. జీపీఎస్‌లో పడిన దూరం ఎవరిది తక్కువైతే వాళ్లది పైచేయి. ఒక్క పోస్టు తప్పినా అన్నీ తాకినవాళ్ల కింద మీ పేరు పడుతుంది.

బండి ఎంపికలో వచ్చే పొరపాట్లలో సగం ఈ నిబంధనను సరిగ్గా పట్టించుకోకపోవడం వల్లే. ర్యాలీ అనగానే మన మనసు హార్స్‌పవర్ వైపు పోతుంది. ఇక్కడ గెలిచే టీమ్ రోజంతా నడిపేది కొన్ని పదుల కిలోమీటర్లే. పది గంటలకు భాగిస్తే మనిషి నడక వేగం. ఆ కొద్ది దూరంలోనే నిట్టనిలువు గట్లు, లావా రాళ్లు, లగ్గాలనే ఎండిన వాగులు, తుమ్మజాతి ముళ్లపొదలు అన్నీ వస్తాయి. చుట్టూ తిరిగి వెళ్లే దారి ఎప్పుడూ ఉంటుంది, కానీ తిరిగిన ప్రతి మీటరూ లెక్కలోకి వస్తుంది.

ఇదంతా ఒక కంచె కోసం. అబర్‌డేర్ కొండల్లో నల్ల ఖడ్గమృగాలను వేటగాళ్ల నుంచి కాపాడేందుకు 1988లో కెన్ కూల్ స్థాపించిన సంస్థ రైనో ఆర్క్. అడవి చుట్టూ కరెంటు కంచె వేయడానికి డబ్బు కావాలి కాబట్టి 1989లో 31 బండ్లతో మొదటి చార్జ్ పెట్టారు. దాదాపు 400 కిలోమీటర్ల అబర్‌డేర్ కంచె 2009లో పూర్తయింది. తర్వాత ఈ డబ్బు మౌంట్ కెన్యా, మావు ఎబురు అడవుల వైపు మళ్లింది. ఏనుగులు చేలల్లో పడవు, కలప దొంగలు అడవిలోకి సులువుగా దూరలేరు, అంటే కంచెకు రెండు పక్కలవాళ్లకూ లాభమే. నైరోబీ తాగే నీళ్లలో ఎక్కువ భాగం ఈ అబర్‌డేర్ కొండలవే. నైరోబీలో స్థిరపడిన మన తెలుగువాళ్లు టీమ్ కట్టి చందాలకు వెళ్తే ముందు ఈ మాట చెప్పడం మంచిది. ఖడ్గమృగం సంగతి కన్నా కుళాయి సంగతి త్వరగా బుర్రకెక్కుతుంది.

ప్రతి టీమూ ఆ ఏడాదికి నిర్ణయించిన కనీస విరాళాన్ని తేవాలి. అంటే మీ జేబుకు రెండు చిల్లులు: ఒకటి బండికి, ఒకటి కంచెకు. బండి మీద పెట్టే ప్రతి షిల్లింగునూ ఈ లెక్కతోనే చూడండి. కింద చెప్పే సలహాలన్నీ ఆ చూపుతో చెప్పినవే.

ఉన్న బండా, కట్టించిన బండా, కొన్న బండా

మొదటి దారి, కంపెనీ నుంచి వచ్చిన బండితో దాదాపు అలాగే దిగడం. పోటీలో మార్పులు చేయని బండ్లకు వేరే వర్గం ఉంది. ఏ మార్పు దాకా ఆ వర్గంలో ఉండనిస్తారో ఆ ఏడాది నిబంధనల పుస్తకం చూసి తేల్చుకోవాలి. బంపర్‌ను కోసేశాక చదివితే లాభం లేదు. ఈ దారిలో ఖర్చు తక్కువ. పోటీ అయ్యాక అదే బండిలో పిల్లలను స్కూల్లో దింపొచ్చు, డెంట్లు మీకు ఫరవాలేకపోతే.

రెండోది, పాత బండి కొని పూర్తిగా కట్టించడం. నైరోబీలో దీనికి కావాల్సిన చేతులకు కొదవ లేదు. ఇండస్ట్రియల్ ఏరియాలోని పెద్ద వర్క్‌షాపుల నుంచి జువా కాలి షెడ్డుల్లో ఎండలో కూర్చుని వెల్డింగ్ చేసే ఫుండీల (మెకానిక్కుల) దాకా ఉన్నారు. పాత స్పేర్ పార్టులకు కిరిన్యాగా రోడ్డు ఉంది. కానీ కట్టించే పని అనుకున్న టైముకు అవ్వదు. ఇంజిన్ ఒకచోట, గేర్‌బాక్స్ మరోచోట, కేజ్ (బోల్తా పడితే మనుషులను కాపాడే గొట్టాల చట్రం) ఇంకోచోట తయారై, అన్నీ కలిపి బిగించేసరికి మే నెల వస్తుంది. మట్టిలో ఒక్కసారైనా నడపని బండిని పోటీకి తీసుకెళ్లడం, అప్పటిదాకా చేసిన ఖర్చంతా జూదంలో పెట్టడమే.

మూడోది, ఇంతకుముందు చార్జ్‌లో దిగిన బండినే కొనడం. మొదటిసారి దిగే టీమ్‌కి నా ఓటు దీనికే. రంగు పోయి ఉంటుంది, సీట్లు చిరిగి ఉంటాయి. కానీ ఏ యాక్సిల్ ఎక్కడ విరుగుతుందో, రేడియేటర్ ఎప్పుడు వేడెక్కుతుందో పాత యజమాని తెలుసుకుని ఎక్కడికక్కడ సరిచేసి ఉంటాడు. ఆ అనుభవం కొత్తగా కట్టించిన బండిలో ఉండదు. కొనేముందు చాసిస్ మీద వెల్డింగ్ అతుకులు, కేజ్ కాళ్లు చాసిస్‌తో కలిసే చోట పగుళ్లు, డిఫరెన్షియల్ ఆయిల్‌లో ఇనుప రజను చూడండి. పాత లైసెన్సు కాగితాలు కూడా అడగండి. ట్రెయిలర్ లేకపోతే ఆ బండి మామూలు రోడ్డు మీదే పోటీ చోటికి చేరాలి కదా. ఆ చోటేమో చివరిదాకా రహస్యం. కజియాడోలో జరిగింది, సంబురులో జరిగింది, బారింగోలో జరిగింది. ఒక్కోచోట నేల ఒక్కో తీరు. అందుకే ఒకే రకం నేలకు సరిపోయే బండి కొనకండి.

సుజుకీ

పాత ఎస్‌జే సమురాయ్, జిమ్నీలను చూసి జాలిపడేవాళ్లు ఉంటారు. వాళ్లు ముళ్లపొదల మధ్య రెండు చెట్ల సందు ఎంత ఉంటుందో చూడలేదు. సమురాయ్ వెడల్పు మీటరున్నర చిల్లర, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2030 మిల్లీమీటర్లు, బరువు టన్ను లోపు. లాండ్ క్రూజర్ వెనక్కి వచ్చి వేరే సందు వెతుక్కునే చోట ఇది దూరిపోతుంది. ఇరుక్కుంటే నలుగురు పట్టి పక్కకు జరపొచ్చు. మన మారుతీ జిప్సీ దీని పొడుగు వీల్‌బేస్ తమ్ముడే, 2375 మిల్లీమీటర్లు. గోవాలో జరిగే రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ చూసినవాళ్లకు జిప్సీని ఎంతదాకా మార్చవచ్చో చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో జిప్సీ మీద చెయ్యి తిరిగిన మెకానిక్ మీకు తెలిస్తే, ఫోన్లో అతని సలహా నైరోబీలో కూడా పనికొస్తుంది. బండి అదే జాతి.

లోపాలూ ఉన్నాయి. మొదటిది మనుషులు. టీమ్‌లో డ్రైవరు, నావిగేటరు, ముందు పరుగెత్తి దారి చూసే రన్నర్లు కలిపి ఆరుగురి దాకా ఉండొచ్చు. సమురాయ్‌లో ఆరుగురు, స్టెప్నీ, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) సామాను, నీళ్లు ఎక్కించండి చూద్దాం. రన్నర్లు నిజంగానే పరుగెత్తేవాళ్లయితేనే సుజుకీ. రెండోది యాక్సిల్. పెద్ద టైర్లు, లాకర్ (యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపి తిప్పే పరికరం) రెండూ వేశాక ఫ్రంట్ సీవీ జాయింట్లు, వెనక యాక్సిల్ రాడ్లు ఫట్‌మంటాయి. వాటికి గట్టి రకం వేయించాలి, లేదా కిందంతా పెద్ద బండి యాక్సిల్ పెట్టించాలి. అలా పెట్టిస్తే తేలికపాటి బండి అన్న లాభం కొంత పోతుంది.

2018లో వచ్చిన కొత్త జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు, 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, మూడు తలుపుల దానికి 2250 మిల్లీమీటర్ల వీల్‌బేస్ ఉన్నాయి. మార్పులు చేయని వర్గానికి ఇంతకన్నా మంచి చిన్న బండి నాకు తోచదు. మన దేశంలో తయారయ్యే అయిదు తలుపుల జిమ్నీకి 2590. ఊళ్లో కుటుంబానికి అది మేలు, గట్టు అంచు మీద మాత్రం పొట్టిదే మేలు. జపాన్ నుంచి పాత బండి తెప్పించుకుందామనుకుంటే, ఎనిమిదేళ్లు దాటిన బండిని కెన్యాలోకి దిగుమతి కానివ్వరు. పాత సమురాయ్ కావాలంటే కెన్యాలోనే వెతుక్కోవాలి.

లాండ్ క్రూజర్, డిఫెండర్, పాట్రోల్

కెన్యాలో 70 సిరీస్ లాండ్ క్రూజర్ లేని ఊరు లేదు. పోలీసులది అదే, సఫారీ కంపెనీలదీ అదే. 4.2 లీటర్ల 1హెచ్‌జెడ్ డీజిల్ ఇంజిన్‌కి టర్బో లేదు, ఎలక్ట్రానిక్స్ దాదాపు లేవు. ఎక్కడో బారింగోలో ఫ్యాన్ బెల్ట్ తెగినా దొరుకుతుంది. యాక్సిళ్లు మొండివి. ఆరుగురినీ సామానునూ మోస్తుంది.

కానీ ఈ సిరీస్‌లో పికప్‌గా దొరికే 79 మోడల్ వీల్‌బేస్ 3180 మిల్లీమీటర్లు. గట్టు ఎక్కి అవతలికి దిగేటప్పుడు ముందు చక్రాలు దాటాక పొట్ట ఆనుకుని ఊగుతుంది. సందుల్లో ఒకేసారి తిప్పలేక ముందుకీ వెనక్కీ పోవాలి. అందుకే చార్జ్‌కి కట్టేవాళ్లు చాసిస్ కోసి పొట్టిచేస్తారు, లేదా 2310 వీల్‌బేస్ ఉన్న పాత పొట్టి 70 కోసం తిరుగుతారు. చాసిస్ కోయించే పని మాత్రం ఎవరికంటే వాళ్లకు ఇవ్వకండి. ఆ అతుకు విడిపోతే బండి మీదే కాదు, ప్రాణాల మీదకే వస్తుంది. ఇంకొకటి, టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ దాదాపు పదోవంతు శక్తి తగ్గుతుంది. లో రేంజ్ (వేగం తగ్గించి లాగే బలం పెంచే) గేర్లలో నడక వేగంతో పోయే బండికి అది పెద్ద లోటు కాదు.

డిఫెండర్ 90 చూడ్డానికి ఈ పోటీ కోసమే పుట్టినట్టు ఉంటుంది. 2360 వీల్‌బేస్, నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు, ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి. ఒక చక్రం గుంతలో, ఒకటి బండ మీద ఉన్నా మిగతావి నేలను వదలవు. లాండ్ క్రూజర్ వెనక కమాన్ పట్టీలు ఈ పని ఇంత బాగా చేయలేవు. బాడీ రేకులు అల్యూమినియం, బోల్టులు విప్పి తీసేయొచ్చు. బలహీనత యాక్సిల్ షాఫ్టుల్లో ఉంది. లాకర్ వేసేవాళ్లు షాఫ్టులు కూడా మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకోవాలి. రెండూ ఒకేసారి చేయించలేకపోతే లాకర్ వద్దు. లాండ్ రోవర్ అభిమానులు దీని లోపాలను కూడా ముద్దుగా చెప్పుకుంటారు. కొనేటప్పుడు వాళ్ల మాట పక్కన పెట్టి బండి కింద ఆయిల్ మరకలు చూడండి.

నిస్సాన్ పాట్రోల్ వై60 గురించి చెప్పేది తక్కువే. డిఫెండర్‌లా కాయిల్ స్ప్రింగులు, లాండ్ క్రూజర్‌లా మొండి యాక్సిళ్లు. మంచిది దొరికితే వదలొద్దు. దొరకడమే కష్టం.

గొట్టాలతో అల్లిన బగ్గీలు కొన్నేళ్లుగా పై స్థానాల కోసం పోటీ పడుతున్నాయి. చుట్టూ కేజ్, మధ్యలో ఇంజిన్, కింద బలమైన యాక్సిళ్లు. గెలవడమే లక్ష్యమై, స్పాన్సర్లు వెనక ఉంటే అదే సరైన ఎంపిక. మొదటి ఏడాది మాత్రం వద్దు. బండి సత్తా ఎక్కువై డ్రైవరు అనుభవం తక్కువైతే, వెళ్లకూడని చోటికి కూడా బండి తీసుకెళ్లిపోతుంది.

డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలి

ముందు రోల్ కేజ్, సీటు బెల్టులు, మంటలార్పే సిలిండర్లు. ఇందులో బేరం లేదు. కేజ్‌ని బాడీ రేకుకి కాదు, చాసిస్‌కి కలిపించండి. లోపలి కేజ్ అయితే చెట్లకు తగులుకోదు, తల మాత్రం గొట్టానికి కొట్టుకుంటుంది కాబట్టి మెత్తలు చుట్టాలి. బయటి కేజ్ బాడీని కాపాడుతుంది, వెడల్పు పెంచుతుంది. సుజుకీకి లోపలిదే నయం, లేకపోతే సన్నని బండి కొన్న లాభం పోతుంది.

మంట సంగతి చాలామందికి తట్టదు. మార్చి నుంచి మే దాకా వానలు పడి మొలిచిన గడ్డి జూన్‌కి ఎండి గింజ రాలుస్తుంది. ఆ గడ్డి కింద స్కిడ్ ప్లేట్ల (బండి అడుగును కాపాడే రేకుల) మీద పేరుకుని వేడి సైలెన్సర్ గొట్టానికి తగిలితే అంటుకుంటుంది. అవే గింజలు రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుని ఇంజిన్ వేడెక్కిస్తాయి. నడక వేగంలో రేడియేటర్‌కి ఎదురుగాలి కూడా ఉండదు. రేడియేటర్ ముందు తీసి దులపగలిగే సన్నటి జాలీ, స్కిడ్ ప్లేట్‌లో గడ్డి లాగేయడానికి చెయ్యి పట్టే రంధ్రాలు చేయించండి. అయ్యే ఖర్చు ఒక టైరు ధర కూడా ఉండదు. గార్డ్ పోస్టు దగ్గర ఆగిన ప్రతిసారీ ఒక రన్నరు కింద దూరి గడ్డి లాగాలి.

తర్వాత టైర్లు. మడ్ టెర్రైనా, ఆల్ టెర్రైనా అని జనం గంటలు గంటలు వాదించుకుంటారు. నన్నడిగితే ట్రెడ్ కన్నా పక్కగోడ ముఖ్యం. ముల్లు ట్రెడ్‌లో దిగితే ట్యూబ్‌లెస్ టైరుకి ప్లగ్ కొట్టి అయిదు నిమిషాల్లో కదలొచ్చు. పక్కగోడ చిరిగితే స్టెప్నీయే దిక్కు. గట్టి పక్కగోడ ఉన్న క్రాస్ ప్లై టైర్లు ముళ్లకూ రాళ్లకూ బాగా ఆగుతాయి, తారు రోడ్డు మీద నైరోబీ నుంచి వెళ్లేటప్పుడు నడుము విరగ్గొడతాయి. ట్రెయిలర్ ఉంటే అవే తీసుకోండి, లేకపోతే గట్టి పక్కగోడ రేడియల్. ట్యూబ్ వేసిన టైరుకి ముల్లు దిగితే విప్పి అతుకు వేయాలి, పోటీలో అంత టైము ఉండదు. బాగా తక్కువ గాలితో నడపాలంటే టైరు రిమ్ము వదలకుండా బీడ్‌లాక్ కావాలి.

టైరు సైజు పెంచేముందు ఒక లెక్క చూసుకోండి. సమురాయ్ అసలు టైరు ఎత్తు సుమారు 26 అంగుళాలు. 31 వేస్తే ప్రతి గేరూ ఐదోవంతు దాకా పొడుగైనట్టే. కొండ మీద ఇంజిన్ ఆగుతుంది, మీరు క్లచ్ నొక్కుతారు, క్లచ్ కాలుతుంది. దీని లో రేంజ్ నిష్పత్తి 2.268. 4 దాటించే ట్రాన్స్‌ఫర్ గేర్లు దొరుకుతాయి. సుజుకీలో పెద్ద టైర్లు, ట్రాన్స్‌ఫర్ గేర్లు కలిపే కొనాలి.

మూడోది లాకర్. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాల్లో తేలితే శక్తంతా దానికే పోయి రెండోది నిలబడిపోతుంది. లాకర్ రెండింటినీ కలిపి తిప్పుతుంది. స్విచ్‌తో పనిచేసే ఎయిర్ లాకర్ ఖరీదైనది. దాని కంప్రెసర్, సన్నని గొట్టాలు ముళ్లకు తెగకుండా దాచాలి. ఆటోమేటిక్ లాకర్ చవక, స్విచ్ ఉండదు. కానీ పక్కవాలు మీద పోయేటప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి జారి బండి తోక కిందికి జారుతుంది. డిఫరెన్షియల్‌ని వెల్డింగ్ చేసేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ట్రెయిలర్ మీద వెళ్లే బండికి వెనక యాక్సిల్‌లో చేయించవచ్చు, ముందు యాక్సిల్‌లో మాత్రం వద్దు. స్టీరింగ్ తిరగదు. ఒక్క లాకర్‌కే డబ్బుంటే వెనకదే వేయించండి. ఎక్కుడులో బరువంతా వెనక్కే పోతుంది కాబట్టి పట్టు అక్కడే ఎక్కువ.

వించ్ విషయంలో బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు లాగేది తీసుకోవడం వాడుక. మనుషులతో సామానుతో సుజుకీ 1500 కిలోలు అనుకుంటే 6,000 పౌండ్ల వించ్ చాలు. మూడు టన్నుల లాండ్ క్రూజర్‌కి 10,000 దాటాలి. బండి బరువు పెరిగేకొద్దీ ఖర్చులు ఎలా పెరుగుతాయో చూశారా. కరెంటు వించ్ ఇంజిన్ ఆగినా లాగుతుంది, కానీ పూర్తి భారం మీద 400 ఆంపియర్ల దాకా తాగుతుంది, కాసేపటికే మోటారు కాలుతుంది, బ్యాటరీ చస్తుంది. హైడ్రాలిక్ వించ్ అలసిపోదు, ఇంజిన్ మాత్రం నడుస్తూ ఉండాలి. రోజంతా వించ్ మీదే బతికే పెద్ద బండికి హైడ్రాలిక్, చిన్నదానికి కరెంటుది. రెండింటిలోనూ ఒక స్నాచ్ బ్లాక్ వెంట ఉంచుకోండి. ఆ కప్పీ లాగే బలాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది, వేగాన్ని సగం చేస్తుంది. సింథటిక్ తాడు తేలిక, తెగినా స్టీలు తీగలా ఎగిరి కొట్టదు. లావా రాయి అంచుకి మాత్రం కోసుకుపోతుంది, కాబట్టి తొడుగు వేయాలి. చెట్టుకు నేరుగా చుట్టకుండా వెడల్పు పట్టీ వాడండి. అడవి కోసం డబ్బు పోగుచేస్తూ చెట్టు బెరడు ఒలిచేయడం అసహ్యంగా ఉంటుంది.

సస్పెన్షన్ ఎత్తు పెంచడం అందరూ మొదట చేయిస్తారు, నేను చివర పెడతాను. ఎత్తు పెరిగితే పక్కవాలు మీద బండి బోల్తాకు దగ్గరవుతుంది. పెద్ద టైరు ఒరుసుకోకుండా ఎంత కావాలో అంతే పెంచి, మిగతాది మడ్‌గార్డులు కోసి సంపాదించుకోండి. స్నార్కెల్ (ఇంజిన్‌కి ఎత్తు నుంచి గాలి తెచ్చే గొట్టం) ఫొటోలో బాగుంటుంది, ముళ్లపొదలో తగులుకుంటుంది. పాత సమురాయ్, జిప్సీల్లో కార్బురేటర్ ఉంటే అది మాత్రం మార్చాల్సిందే. నిలువు ఎక్కుడులో ఫ్లోట్‌లో పెట్రోల్ ఒక పక్కకు చేరి ఇంజిన్ ఆగిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి ఆ బెడద లేదు.

చివరికి ఎవరికి ఏది

ఇద్దరు ముగ్గురు పరుగెత్తగల కుర్రాళ్లు ఉండి, చేతిలో డబ్బు తక్కువైతే, ఇంతకుముందు దిగిన సుజుకీ. ఆరుగురు స్నేహితులు, నడివయసు, అందరూ బండిలోనే కూర్చోవాలనుకుంటే పొట్టి లాండ్ క్రూజర్ లేదా పాట్రోల్. సొంతంగా పానా పట్టడం వచ్చి, ప్రతి ఆదివారం బండి కింద పడుకోవడం ఇష్టమైతే డిఫెండర్. కంపెనీ స్పాన్సరు దొరికి, రెండు మూడేళ్లు వరసగా దిగే ఆలోచన ఉంటే బగ్గీ. అందరూ ఆడవాళ్లే ఉండే టీమ్‌లకు కూప్ దె దామ్ అనే వేరే బహుమతి ఉంది. ఆ టీమ్‌లకు బండి సలహా వేరేగా ఏమీ లేదు, ఇదే.

ఏది తీసుకున్నా ఫిబ్రవరి చివరికి అది నడుస్తూ ఉండాలి. మార్చి, ఏప్రిల్ ప్రాక్టీసుకి, విరగ్గొట్టి బాగుచేసుకోవడానికి. మేలో కొత్త పార్టు ఏదీ బిగించొద్దు, గ్రీజు పెట్టడం, బోల్టులు బిగించడం తప్ప. ఫిబ్రవరి దాటినా బండి దొరకకపోతే ఆ ఏడాదికి కట్టించే ఆలోచన వదిలేసి, ఎవరి టీమ్‌లోనైనా రన్నర్‌గా చోటు అడగండి. బండి కోసం దాచిన డబ్బులో కొంత వాళ్ల విరాళం ఖాతాలో వేస్తానంటే కాదనేవాళ్లు తక్కువ. పది గంటలు ఆ బండి ముందు పరుగెత్తాక, వచ్చే ఏడాదికి ఏ బండి కొనాలో ఇంకెవరినీ అడగక్కర్లేదు.